అందరూ కంట్రోలర్లే

మా డిపోలో ఒకప్పుడు బస్సులు తిరిగేవి.

ఇది ఫిర్యాదు కాదు. బస్సులు తిరిగిన రోజుల్లో మా డిపోని ఎవరూ పట్టించుకోలేదు. తిరగడం మానేశాకే ఉత్తమ డిపో అని షీల్డు ప్రకటించారు. రెండూ చూసినదాన్ని కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్తున్నాను.

సారంగవలస కొండల కింద ఉన్న చిన్న ఊరు. బస్టాండూ డిపో ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. నేను కండక్టర్ని. గుమ్మికోట కొండ మీదికి వెళ్లే బస్సులో నాలుగేళ్లుగా చేస్తున్నాను. ఆ బస్సు డ్రైవరు తవిటయ్య. నేను పుట్టకముందు నుంచీ ఆయన ఆ కొండే ఎక్కుతున్నాడు. నేను బాబాయ్ అంటాను, ఆయన గౌరమ్మా అంటాడు. సంస్థ రికార్డుల్లో నా పేరు గౌరీశ్వరి.

ఆ కొండ మీద స్టాపులు లేవు. బస్సు కావలసినవాళ్లు రోడ్డు పక్క పొదకి తువ్వాలు కట్టి, తిరిగి తమ పనికి వెళ్లిపోతారు. తువ్వాలు కనిపిస్తే తవిటయ్య రెండుసార్లు హారను కొట్టి బండి ఆపుతాడు. కాసేపటికి పైనుంచి ఎవరో ఒకరు గంపతో దిగొస్తారు. తువ్వాలు చూసి మనిషిని చెప్పేస్తాడు. "ఇది గంగులమ్మది. పనసకాయలుంటాయి, లేటవుద్ది" అని ఇంజను ఆపేస్తాడు. ఆలస్యానికి కారణం అడిగితే నేను రోడ్డు బాగాలేదని చెప్పేదాన్ని. అది ఎప్పుడూ నిజమే.

ఇలా ఉండగా హెడ్డాఫీసు నుంచి సమగ్ర ఆకాంక్షా వికాస కార్యక్రమం వచ్చింది. దానితోపాటు సుధాంశు గారు వచ్చారు. ఆయన ఆకాంక్షల ప్రత్యేకాధికారి. తెల్ల చొక్కా, మెడలో నీలం తాడు, తాడుకి ఆయన ఫోటో. సోమవారం పొద్దున్న డ్యూటీలు ఎక్కకముందు మమ్మల్నందరినీ గేటు దగ్గర నిలబెట్టి మాట్లాడారు.

"మిత్రులారా! మనిషి ఇప్పుడు ఏం చేస్తున్నాడన్నది అతని గతం. ఏం కావాలనుకుంటున్నాడన్నదే అతని వర్తమానం. ఈ సంస్థలో గతంలో జీవిస్తున్నవాళ్లు ఎక్కువైపోయారని అధ్యయనంలో తేలింది."

మేం చప్పట్లు కొట్టాం. నిలబడ్డ సేపు కూడా డ్యూటీ కిందే వస్తుందని డిపో మేనేజరు చిదంబరరావు గారు ముందే చెప్పారు.

ప్రతి సోమవారం ప్రతి ఒక్కరూ ముందుకొచ్చి తను చేసే పనేమిటో, అయిదేళ్లలో ఏం కావాలనుకుంటున్నారో అందరితో పంచుకోవాలి. షరతులు రెండే. కోరుకునే ఉద్యోగం సంస్థలోదే అయ్యుండాలి. ఇప్పుడు చేస్తున్నది కాకూడదు.

మొదట మెకానిక్కు ఎర్రయ్యని పిలిచారు.

"నాను మెకానిక్కునండి. బస్సు కింద తొంగుంటాను. అయిదేళ్ల తరవాత బస్సు మీద తొంగుంటే బాగుణ్ణండి."

"ఉద్యోగం పేరు చెప్పాలి" అన్నారు సుధాంశు గారు.

ఎర్రయ్య చుట్టూ చూశాడు. ఆయన చూపు కంట్రోలరు గది దగ్గర ఆగింది. ఏ బస్సు ఏ టైముకి కదలాలో చెప్పేవాడు కంట్రోలరు. ఆవరణ మొత్తం మీద సరిగ్గా తిరిగే ఫ్యాను ఆయన నెత్తిమీదే ఉంది. చేతుల కుర్చీ, కుర్చీ మీద తువ్వాలు, ముందు మైకు.

"కంట్రోలర్నండి."

చప్పట్లు మోగాయి. సుధాంశు గారు ఎర్రయ్య భుజం తట్టి, గ్రీజు అంటిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత అందరికీ పని సులువైపోయింది. డ్రైవర్లందరూ కంట్రోలర్లవుతామన్నారు. కండక్టర్లందరూ కంట్రోలర్లవుతామన్నారు. కొందరికి ఫ్యాను నచ్చింది, కొందరికి మైకు. గేటు కాపలా ఆయనకి కుర్చీ. నా వంతు వచ్చేసరికి ఇంకో మాట అనడానికి మొహమాటమేసి నేనూ అదే అన్నాను. అసలు కంట్రోలరు లక్ష్మునాయుడు గారు డిపో మేనేజరు అవుతానన్నారు. డిపో ఊడ్చే పోలమ్మ కూడా మేనేజరే అంది.

"శభాష్! అంత ఎత్తుకి ఎందుకు గురిపెట్టావమ్మా?"

"ఆ గది సిన్నదండి. తుడవడం బేగి అయిపోద్ది."

చిదంబరరావు గారు నిటారుగా నిలబడి, తను రీజనల్ మేనేజరు కావాలనుకుంటున్నట్టు ప్రకటించారు. అలా అందరూ ఒక మెట్టు ఎక్కేశాక తవిటయ్య మిగిలాడు.

"నాను డ్రైవర్నండి."

"అది ఇప్పుడు. అయిదేళ్ల తర్వాత?"

తవిటయ్య నిజంగానే ఆలోచించాడు. "అప్పటికి రిటైర్మెంటుకి ఇంకో ఏడాది ఉంటాదండి. అప్పుడూ డ్రైవర్నే."

"అంటే మీకు పైకి వెళ్లాలని లేదా?"

"రోజూ ఎల్తన్నాను కదండీ. గుమ్మికోట దాకా."

అందరూ నవ్వారు. సుధాంశు గారు నవ్వలేదు. తవిటయ్య కళ్లలోకి కాసేపు చూసి, చిదంబరరావు గారితో మెల్లగా అన్నారు. "స్తబ్ధత. ఆరంభ దశలోనే ఉంది. కంగారు పడకండి."

స్తబ్ధత ఉన్నవాళ్లకి కౌన్సెలింగు ఇవ్వాలి. వాళ్లను ఒంటరిగా వదలకూడదు కాబట్టి తోడుగా ఒక సహోద్యోగి ఉండాలి. ఆయన బస్సు కండక్టర్ని నేనే కనక ఆ తోడు నేనయ్యాను. మేనేజరు గదిలో తవిటయ్యని కూర్చోబెట్టి, సుధాంశు గారు గొంతు తగ్గించారు.

"కళ్లు మూసుకోండి. అయిదేళ్లు ముందుకు వెళ్లండి. ఏం కనిపిస్తోంది?"

"బస్సండి."

"ఆ బస్సులో మీరు ఎక్కడున్నారు?"

"స్టీరింగు కాడ."

"అక్కడ ఆగిపోవద్దు. ఇంకా పైకి చూడండి."

తవిటయ్య కళ్లు మూసుకునే తల కొంచెం పైకెత్తాడు. "పైన లగేజీ ఉన్నాదండి. పనసకాయలు. తాడు సరిగ్గా కట్నేదు ఎవుడో."

కౌన్సెలింగు మూడు రోజులు నడిచింది. మూడో రోజు సుధాంశు గారు తలనొప్పి మాత్ర తెప్పించుకున్నారు.

చిదంబరరావు గారు మంచి మనిషి. తవిటయ్యని షెడ్డు వెనక్కి తీసుకెళ్లి బతిమాలారు. "ఏదో ఒకటి చెప్పెయ్యవయ్యా. నేను రీజనల్ మేనేజర్ని అవుతానన్నాను. అవుతానా ఏమన్నా?"

"అంటే అబద్ధం సెప్పినారా సార్?"

"అబద్ధం కాదయ్యా, ఆకాంక్ష!"

తవిటయ్య తన బస్సు ఉన్న వైపు చూశాడు. తర్వాత అన్నాడు. "పొద్దున్నే బండెక్కేటప్పుడు స్టీరింగుకి దణ్ణం పెడతాను సార్. లోపల ఇంకోటి అవ్వాలనుకుంటా పైకి దణ్ణం పెడితే బండికి తెలిసిపోద్ది. ఘాటు రోడ్డు సార్ అది. బండితో తగువు పెట్టుకోనేను."

తర్వాతి వారం రెండో దశ మొదలైంది. ఆకాంక్ష నోటితో చెప్తే చాలదని, ఆచరణలో పెట్టాలని హెడ్డాఫీసు నిర్ణయించింది. ప్రతి మంగళవారం ప్రతి ఉద్యోగీ తను కోరుకున్న ఉద్యోగంలోనే ఉండాలి.

ఆ మంగళవారం పొద్దున్న కంట్రోలరు గదిలోకి ముప్పైమందికి పైగా కంట్రోలర్లు వెళ్లారు. పట్టనివాళ్లు కిటికీ ఊచలు పట్టుకుని బయట నిలబడి కంట్రోలు చేశారు. మైకు ఒక్కటే కాబట్టి వంతులు వేసుకున్నారు. ఎర్రయ్య తల దువ్వుకుని వచ్చాడు. మైకులో ఒక గొంతు ఇంకా నాకు గుర్తుంది.

"ప్రయాణికులకు మనవి. రాజాం వెళ్లు బస్సు మరికొద్దిసేపట్లో బయలుదేరును. ఆ బస్సు డ్రైవరు ప్రస్తుతం మీతోనే మాట్లాడుచున్నాడు."

ప్రయాణికులకి మర్యాద బాగా నచ్చింది. అంతకుముందు బస్సు ఎప్పుడని అడిగితే విసుక్కునేవాళ్లు. ఇప్పుడు ఒకరిని అడిగితే అయిదుగురు వచ్చి చెప్తున్నారు. బస్సు మాత్రం రాలేదు.

పోలమ్మ మేనేజరు కుర్చీలో కూర్చుంది. రీజనల్ మేనేజరు హోదాలో చిదంబరరావు గారు తన డిపోని తనే తనిఖీ చెయ్యడానికి వచ్చి, ఆవరణలో చెత్త చూసి ఆమెని కేకలేశారు.

"ఏమిటీ అపరిశుభ్రత? మేనేజరుగా నువ్వు ఏం చేస్తున్నట్టు?"

"రేపు తుడుస్తాను బాబూ. ఇవాళ మేనేజర్ని కదా" అంది పోలమ్మ.

లక్ష్మునాయుడు గారు కూడా ఆ రోజు మేనేజరే. కుర్చీ ఒక్కటే ఉండడంతో ఆయన పోలమ్మ లేచినప్పుడల్లా కూర్చున్నారు.

డిపో నుంచి కదిలిన బస్సు ఒక్కటే. తవిటయ్యకి ఆకాంక్ష లేదు కాబట్టి ఆయన డ్రైవరుగానే మిగిలిపోయాడు. ఆయన్ని ఒంటరిగా వదలకూడదు కాబట్టి నేనూ బస్సులోనే ఉన్నాను. రాజాం వెళ్లాల్సినవాళ్లు కూడా మా బస్సే ఎక్కారు. "ఇది రాజాం వెళ్లదండీ, కొండమీదికెళ్తుంది" అన్నాను. "పర్లేదమ్మా, ఎటో అటు కదుల్తాది కదా" అన్నారు.

తిరిగొచ్చేటప్పుడు ఒక మలుపు దగ్గర టైరు పంక్చరైంది.

సాయంత్రం లెక్కలు చూసి సుధాంశు గారి ముఖం వెలిగింది. ప్రమాదాలు లేవు. ఆలస్యంగా బయలుదేరిన బస్సులు లేవు. దురుసుగా మాట్లాడిన కండక్టర్లు లేరు. లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు వచ్చాయో కంప్యూటర్ని అడిగితే, మా బస్సుని పక్కన పెట్టి లెక్క కట్టినప్పుడు అది ఎవరూ ఎన్నడూ చూడని ఒక గుర్తు చూపించింది. ఆ గుర్తుకి అర్థం 'అపారం' అని హెడ్డాఫీసు తేల్చింది. మా బస్సుని కలిపితే మాత్రం మళ్లీ మామూలు అంకె వచ్చింది.

"ఒక విషయం గమనించారా? డిపోలో జరిగిన బ్రేక్‌డౌన్లలో నూటికి నూరు శాతం ఒకే ఒక్క డ్రైవరు వల్ల జరిగాయి" అన్నారు సుధాంశు గారు.

చిదంబరరావు గారు నీళ్లు నమిలారు. "ఆయనొక్కడే బస్సు నడిపాడు సార్."

"అదే కదా నేను చెప్తున్నది!"

ఇంత మంచి ఫలితాలు వారానికి ఒక్కరోజే రావడం అన్యాయమని పైవాళ్లకి తోచింది. ఆచరణ దినం ఆరు రోజులకి పెంచారు. సారంగవలసకి ఉత్తమ డిపో షీల్డు ప్రకటించారు. షీల్డు అందుకునేలోగా ఆ ఒక్క మచ్చా పోవాలన్నారు. వచ్చే సోమవారానికి తవిటయ్య ఏదో ఒక ఆకాంక్ష పెంచుకోవాలి, లేదా డ్రైవరు ఉద్యోగానికి పనికిరాడని తీసేసి గోడౌనులో కూర్చోబెడతారు. గోడౌనులో అరిగిపోయిన టైర్లుంటాయి. ఆయన పని వాటి పక్కన ఉండడం.

ఆ మాట విన్న రోజు కొండ దిగుతూ తవిటయ్య హారను కొట్టడం మర్చిపోయాడు. అలా ఎప్పుడూ జరగలేదు.

డిపోకి వచ్చాక ఎర్రయ్య ఆయన పక్కన చేరాడు. దువ్వుకున్న తల ఇప్పుడు ఆయనకి అలవాటైపోయింది.

"మావా, ఒక మాట సెప్తాను ఇను. రిటైర్డు డ్రైవరు అవ్వాలనుందని సెప్పీ. నువ్విప్పుడు రిటైర్డు డ్రైవరివా? కాదు. కాబట్టి వేరే అయింది. రిటైర్డు డ్రైవరు అవ్వాలంటే ముందు ఏటుండాల? డ్రైవరుండాల. అందాకా నీ స్టీరింగు నీదే. అబద్ధం కూడా కాదు."

తవిటయ్య ఎర్రయ్యని కౌగిలించుకున్నాడు. అందరికీ టీ ఇప్పించాడు.

సోమవారం ఆయన ఆ మాట చెప్పగానే సుధాంశు గారి కళ్లు చెమర్చాయి. "దీర్ఘదృష్టి! మేమంతా మెట్లు చూస్తున్నాం, ఈయన శిఖరం చూశాడు. పదవులన్నిటికీ ఆవల ఉన్న పదవి ఇది" అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. చిదంబరరావు గారు గట్టిగా ఊపిరి వదిలారు.

సాయంత్రం ఉత్తర్వు వచ్చింది. తవిటయ్య మరుసటి రోజు నుంచే తన ఆకాంక్షని ఆచరించాలి. అంటే రిటైరవ్వాలి. ఆచరణ దినాలు ఆరు కాబట్టి వారానికి ఆరు రోజులు రిటైరవ్వాలి. ఏడో రోజు ఎలాగూ సెలవు. స్టీరింగు ముట్టుకోకూడదు. పద్ధతి ప్రకారం దండ వేసి శాలువా కప్పారు. అసలు రిటైర్మెంటుకి మళ్లీ కావాలి కాబట్టి శాలువా చిరక్కుండా చూసుకొమ్మన్నారు.

"ఓరెర్రిగా, ఎంత పని సేసినావురా" అన్నాడు తవిటయ్య, దండ తీసి చేత్తో పట్టుకుని.

ఎర్రయ్య నేల చూశాడు. "నాను మెకానిక్కునే మావా. కాయితం సంగతి నాకేటి తెలుసు?"

ఇక డిపోలో కదిలే బస్సు లేదు. మచ్చ పోయింది. నాకు తోడుండాల్సిన పని కూడా పోవడంతో నేనూ కంట్రోలరు గది కిటికీ దగ్గర నిలబడ్డాను.

గురువారం సంత. కొండమీద పొదలకి తువ్వాళ్లు కట్టి పొద్దున్నుంచీ చూసి చూసి, మనుషులు గంపలెత్తుకుని నడిచి దిగారు. గంగులమ్మ బస్టాండులోకి వచ్చేసరికి సంత అయిపోవస్తోంది. నెత్తిమీద గంప, గంపలో పనసకాయలు.

"కొండబస్సు ఎప్పుడొస్తాది బాబూ?"

"త్వరలో రాగలదు" అన్నాడొక కంట్రోలరు.

"దయచేసి వేచి ఉండగలరు" అన్నాడు ఇంకొకడు.

"అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్నాడు ఎర్రయ్య. అని, ఎవరూ చూడకుండా వచ్చి ఆమె గంప దించాడు.

తవిటయ్య బస్టాండు బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఇంట్లో ఉండలేక రోజూ అక్కడికే వస్తున్నాడు. గంగులమ్మ ఆయన ముందు నిలబడింది.

"ఏటి తవిటయ్యా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాది పిన్నీ."

"మరి బండి తియ్యవేటి?"

"నాను రిటైరైపోనాను. పేక్టీసుకి."

గంగులమ్మ ఆ మాటని కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "ఇలాటియి కూడా పేక్టీసు సేత్తారా?" అంది. "మరి సావో?"

తవిటయ్య నవ్వబోయాడు, కుదరలేదు. ఆమె వెళ్లాక నేను బల్ల మీద ఆయన పక్కన కూర్చున్నాను.

"ఇంట్లో తలుపు తీత్తన్నా గేరు మార్సినట్టే ఉంటాది గౌరమ్మా" అన్నాడు. "మా ఇంటిది సూసి నవ్వుతాది. నాకు నవ్వు రాదు."

ఆయన ఎడమచెయ్యి ఒడిలో ఊరికే కదులుతోంది. నాలుగేళ్లు ఆ చెయ్యినే చూశాను. ఎక్కడ సెకండు గేరు వేస్తాడో, చింతచెట్ల మలుపు దగ్గర ఎందుకు ముందే తగ్గిస్తాడో, లారీ ఎదురైతే ఎటు ఒదుగుతాడో నాకు తెలుసు. టిక్కెట్లు కొడుతూ చూసినవే. ఇంతకాలం ఎందుకు చూశానో ఆ బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు తెలిసింది.

మర్నాడు సుధాంశు గారి నిబంధనల పుస్తకం అడిగి తీసుకుని చదివాను. అడిగి చదివిన మొదటి ఉద్యోగిని అని ఆయన సంతోషించారు.

సోమవారం గేటు దగ్గర, నా వంతు రాగానే చెప్పాను. "నేను కండక్టర్ని. నా ఆకాంక్ష మార్చుకున్నానండి. డ్రైవరు కావాలనుకుంటున్నాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సుధాంశు గారు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాను. మొదటిసారి తవిటయ్య కోసం చెప్పాననుకున్నాను. రెండోసారి గొంతు నాదే అనిపించింది.

"డ్రైవరు కావాలని ఇంతవరకు రాష్ట్రంలో ఎవరూ కోరుకోలేదే" అన్నారాయన.

"కోరుకోకూడదని లేదండి. సంస్థలో ఉన్న ఉద్యోగమే. నేను చేస్తున్నది కాదు. కోరుకున్నవాళ్లకి, ఆ ఉద్యోగంలో ఎక్కువకాలం ఉన్నవాళ్లు పక్కనుండి నేర్పాలని ఉంది. నేర్పడం పూర్తయ్యేదాకా నేర్పేవాళ్లని కదపకూడదని కూడా ఉందండి."

ఆయన పుస్తకం తిరగేశారు. ఉంది. రాసింది ఆయనే.

"కానీ తవిటయ్య గారు రిటైర్మెంటు ఆచరణలో ఉన్నారు. ఇక్కడ రెండు నిబంధనలు పరస్పరం సంఘర్షించుకుంటున్నాయి" అన్నారు సుధాంశు గారు. ఆ సంఘర్షణ ఆయన ముఖంలో కనిపించింది. చివరికి తీర్పు చెప్పారు. "ఆచరణ తన కోసం, మార్గదర్శనం పరుల కోసం. పరహితమే ముందు. తవిటయ్య గారు ఇకపై ఆదివారాలు మాత్రమే రిటైరవుతారు."

చిదంబరరావు గారు అడగలేక అడిగారు. "మరి బస్సు కదిలితే మచ్చ పడదా సార్?"

"అది బస్సు అయితే కదా! శిక్షణా వాహనం. దాని డీజిలు, దాని పంక్చర్లు శిక్షణ పద్దులోకి వెళ్తాయి. డిపో ఫలితాలు చెక్కుచెదరవు." ఆయన ఇంకా ఉత్సాహపడ్డారు. "ఖాళీ బండి మీద నేర్చుకుంటే అదేం శిక్షణ? ఆ మార్గంలో మామూలుగా ఉండే బరువుతోనే నేర్పాలి."

"ఆ మార్గంలో మామూలుగా ఉండే బరువు ప్రయాణికులే సార్" అన్నాను.

"అయితే వాళ్లనే ఎక్కించండి. బరువుకి టిక్కెట్టు కొట్టకూడదు సుమా. లెక్కలు పాడవుతాయి."

అలా కొండబస్సు మళ్లీ కదిలింది. నేను బండి నేర్చుకోడానికి ఎల్లెల్లారు లైసెన్సు తెచ్చుకున్నాను. మొదటి వారం షెడ్డు నుంచి గేటు దాకా నేను నడిపేదాన్ని, గేటు నుంచి తవిటయ్య. తర్వాత బజారు దాకా. తర్వాత ఊరి చివర పెట్రోలు బంకు దాకా. నేను సీటులో ఉన్నంతసేపూ ఆయన ఇంజను డబ్బా పక్కన నిలబడి, కుడిచేత్తో హేండుబ్రేకు దగ్గర సిద్ధంగా ఉండేవాడు. "తొందరపడకమ్మా. బండికి టైమియ్యి. నువ్వనుకున్నాక బండి అనుకోడానికి కూసింత టైము పడతాది" అనేవాడు. నేను తొందరపడేదాన్నే. ఒక్కసారి స్టీరింగు పట్టుకున్నాక మనసు బంకు దగ్గర ఆగేది కాదు.

బరువు గురించి గంగులమ్మకి మొదట కోపం వచ్చింది.

"నన్ను బరువంటారేటి?"

"కాయితం మీదేలే పిన్నీ" అన్నాడు తవిటయ్య.

"కాయితం మీదయితే ఏటన్నా అనుకోనీ" అని ఆమె కిటికీ పక్కన సర్దుకుంది.

ఇంకో గురువారం. షీల్డు అందుకోవడానికి సుధాంశు గారు ఆ రోజు హెడ్డాఫీసుకి వెళ్లాలి. రైలు స్టేషను ఊరి బయట, బంకు దాటాక, కొండ మొదట్లో ఉంటుంది. ఆయనకి జీపు ఉంది. జీపు డ్రైవరు మాత్రం కంట్రోలరు గది కిటికీ దగ్గర ఉన్నాడు. ఇవాళ మైకు తన వంతు అని, ఆచరణ మధ్యలో వదలకూడదని మీరే కదా చెప్పారని వినయంగా చెప్పాడు. ఊళ్లో ఉన్న రెండు ఆటోలూ సంతకి పోయాయి. సుధాంశు గారు సూట్‌కేసుతో ఆవరణలో నిలబడి చుట్టూ చూశారు. వరసగా నిలబెట్టిన బస్సులు ఎన్నో ఉన్నాయి, వాటి మధ్య పిచ్చిమొక్కలు మొలిచాయి. ఇంజను చప్పుడు ఒక్క మా బస్సులోంచే వస్తోంది.

ఆయన వచ్చి ఎక్కారు. సీట్లు నిండిపోయాయి. ఇంజను డబ్బా మీద సంతలో అమ్ముడుపోని గంగులమ్మ పనసకాయలుంటే, ఒకటి జరిపి ఆ పక్కన చోటు చూపించింది.

"కూకో బాబూ. నువ్వూ బరువువేనా?"

ఆయన కూర్చున్నారు. అప్పుడు డ్రైవరు సీటు వైపు చూశారు. సీటులో నేనున్నాను.

"ఈమె..."

"మీ ఆకాంక్షేనండి" అన్నాడు తవిటయ్య.

"ఎంతవరకు వచ్చింది?"

"బంకు దాకా వచ్చిందండి. ఈ నెలాఖరుకి స్టేషను దాటేత్తాది."

నేను క్లచ్చి వదిలాను. కొంచెం తొందరగా వదిలానేమో, బస్సు ఒక్క ఊపు ఊగింది. సుధాంశు గారు ముందున్న కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నారు. గేటు దాటాం. బజారులో సంత రద్దీ. అరటిగెలల బండి ఒకటి సందులోంచి సగం బయటికి వచ్చింది. నేను చూశాను, తగ్గించాను. అది దాటగానే మేకల మంద. బ్రేకు మీద కాలు వేశాను. బస్సు సరిగ్గానే ఆగింది. మేకకి ఏమీ కాలేదు. పనసకాయ మాత్రం డబ్బా మీంచి దొర్లి సుధాంశు గారి బూటు మీద పడింది.

ఆయన బూటు చూసుకోలేదు. నన్ను చూశారు, ముందు రోడ్డు చూశారు. చాలా చిన్న గొంతుతో అన్నారు.

"తవిటయ్య గారూ, ఆకాంక్షల సంగతి రేపు చూసుకుందాం. ఇవాళ్టికి డ్రైవర్ని నడపమనండి."

బస్సులో అందరూ ఆయన వైపు తిరిగారు. మేకలు కూడా ఎందుకో ఆగి చూశాయి.

"డ్రైవరు ఎవురండీ?" అన్నాడు తవిటయ్య.

"ఎవరేమిటి? మీరే కదా!"

"నాను మార్గదర్శినండి. ఆదివారాలు రిటైర్డు డ్రైవర్ని. మీరే రాసిచ్చారు."

"మీరు డ్రైవరండీ! డ్రైవరు! ఎప్పటికీ డ్రైవరే! నా రైలు..."

"ఆ మాటే రాసియ్యండి సార్."

వెనకనుంచి ఎవరో పెన్ను అందించారు. సుధాంశు గారు తన షీల్డు ఆహ్వానపత్రం వెనక, ఇంజను డబ్బా మీద పెట్టి, తవిటయ్య డ్రైవరేనని, రిటైరయ్యేదాకా ఆ బస్సుకే ఉండాలని, వేరే ఆకాంక్ష అవసరం లేదని రాసి సంతకం పెట్టారు. తవిటయ్య దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు నావైపు చూశాడు.

"లెగమ్మా" అన్నాడు. ముఖం నిండా నవ్వు ఉంది, నా ముఖం చూసి కొంచెం దాచుకున్నాడు.

నేను లేచాను. ఆయన కూర్చుని, స్టీరింగుకి దణ్ణం పెట్టి, గేరు వేశాడు. బస్సు ఊపు లేకుండా కదిలింది. సుధాంశు గారు కడ్డీ వదిలేశారు. మేనేజరుకి ఫోను చేసి, వేరే ఆకాంక్ష అవసరం లేదని తనే ఒకరికి రాసిచ్చిన సంగతి హెడ్డాఫీసు దాకా రానివ్వొద్దని మెల్లగా చెప్పుకుంటున్నారు.

అందరూ సంతోషంగానే ఉన్నారు. నేనూ సంతోషంగానే ఉన్నాను. కానీ బంకు ఇంకా అల్లంత దూరంలో ఉండగానే నన్ను సీటులోంచి లేపారు. అదొక్కటే నాకు నచ్చలేదు.